సెలవుల్లో రోజుకి రెండు గుంజలు చాలు

డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలయ్యాక రెండు నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాననీ, టైంటేబుల్ వేసుకున్న ప్రతిసారీ మూడో రోజుకే వదిలేస్తున్నాననీ, పొద్దుగూకేసరికి ఈ రోజు కూడా పోయిందన్న దిగులు పట్టుకుంటోందనీ రాశారు. ఆ దిగులు నాకు బాగా తెలుసు. 2016 వేసవిలో నరసరావుపేటలో, సరిగ్గా మీ వయసులో, నేనూ పడ్డాను.

అప్పుడు బీకాం చదువుతున్నాను. కాలేజీ ఉన్నన్నాళ్లూ తొమ్మిదింటి బస్సే నా రోజుని నడిపించేది. సెలవులివ్వగానే చార్టు మీద స్కెచ్ పెన్నులతో గంటకో పని రాసి గోడకి అంటించాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కాస్ట్ అకౌంటింగ్ అని ఉంది అందులో. పల్నాడు ఎండలు మీకు తెలియనివి కావు, ఎండలకి ఏటా పేపర్లో కనిపించే రెంటచింతల మా వైపుదే. రెండింటికి కరెంటు పోయిందంటే ముంజేయి నోటుబుక్కుకి అతుక్కుపోయేది, స్టోర్స్ లెడ్జర్ (సరుకుల లెక్క రాసే పట్టిక) గళ్లలో రాసిన అంకెలు చెమటకి అలుక్కుపోయేవి. ఒక్క పని తప్పితే చాలు, ఆ రోజంతా పోయినట్టే అనిపించి మిగతావీ వదిలేసేవాణ్ని.

దాన్ని మార్చింది మా అమ్మ పెట్టిన వడియాలు. ఓ రాత్రి, "రేపు పిండి వడియాలు పెడుతున్నా, పొద్దున్నే లేచి పైకి రా నాన్నా, ఒక్కదాన్నే చేసుకోలేను" అంది. తెల్లవారుజామున లేచేసరికి వంటింట్లో బియ్యప్పిండి జావ ఉడుకుతోంది, ఇల్లంతా జీలకర్ర వాసన. పాత పంచె తడిపి, నీళ్లు పిండేసి, డాబా మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. అమ్మ చెంచాతో ఒక్కో వడియం వేసుకుంటూ వచ్చింది. డాబా కాలకముందే అయిపోవాలి, రేపు చూద్దాంలే అనడానికి లేదు, ఉడికిన జావ ఆగదు. తర్వాత కాకులు వాలకుండా కాపలా నాది. వాటర్ ట్యాంకు నీడలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఫోను కింద ఛార్జింగులో ఉంది. ఎనిమిదిన్నరకి దిగేసరికి నాలుగు లెక్కలు పూర్తయ్యాయి. అంతకుముందు వారమంతా కలిపి చేసినవి మూడే!

వడియాల తర్వాత చల్లమిరపకాయలు, ఆ తర్వాత సగ్గుబియ్యం. అవన్నీ అయ్యాక కూడా ఆ వేళకి పైకి వెళ్లడం మానలేదు.

నాకు అర్థమైంది ఇది. ఆవుని మేతకి కట్టేటప్పుడు పొలం చుట్టూ కంచె కట్టరు. ఒక గుంజ పాతి పలుపు వదులుతారు, దాని చుట్టూ తిరిగి అదే మేస్తుంది. గంటగంటకీ పని రాసుకోవడమంటే ఒక్క ఆవు కోసం పొలమంతా కంచె కట్టడం. రోజుకి రెండు గుంజలు పాతుకోండి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అయితే అవి మీ ఒక్కరి ఇష్టం మీద ఆధారపడకూడదు. ఇంకో మనిషో, ఎండో, నీళ్లో మీకోసం ఆగకుండా ఉండాలి. మీది అపార్ట్‌మెంటు అయితే తాతగారిని నడకకి తీసుకెళ్లడం, మొక్కలకి నీళ్లు పోయడం, ఏదైనా సరే. ఆ పని అవగానే, స్నానానికో టిఫినుకో లేవకుండా, అక్కడే పుస్తకం తెరవాలి. నా సాయంత్రం గుంజ శాఖా గ్రంథాలయం. నాలుగింటికి తీస్తారు, ఏడింటికి మూసేస్తారు, శుక్రవారం సెలవు. మూసేస్తారన్న సంగతే నన్ను కదిలించేది.

మధ్యాహ్నాన్ని మాత్రం వదిలేయమనే చెబుతాను. పెద్దవాళ్లు ఊరికే కునుకు తీయరు. ముప్పావుగంట పడుకుని, లేచాక బుర్రతో పనిలేనివి చేయండి. పొద్దున చేసిన లెక్కలు ఫెయిర్ చేసుకోవడం, బీరువా సర్దడం, అమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజ తీయడం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట చదువు ఎక్కడం లేదంటే తప్పు మీది కాదు.

ఇంకొకటి. మా వంటింటి గోడకి క్యాలెండరు ఉండేది, అందులో అమ్మ పాల ప్యాకెట్లు రాసేది. అదే గడిలో, పాల లెక్క కింద, ఆ రోజు చేసిన లెక్కల సంఖ్య నేనూ పెన్సిలుతో వేసేవాణ్ని. మే నెలలో 23 గడుల్లో అంకెలున్నాయి, 8 ఖాళీ. ఆ ఖాళీల్లో రెండు పెళ్లిళ్లు, ఒక ఆవకాయ రోజు, మూడు రోజుల జ్వరం ఉన్నాయి. మిగతా రెండూ ఉత్తి బద్ధకమే. ఆవకాయ రోజు తెల్లారిందగ్గర్నించి మామిడికాయలు కడిగి తుడవడం, ముక్కలకి జీడి తీయడం, చివర్న జాడీకి వాసెన కట్టడం. అది ఖాళీ గడి అని నేనెప్పుడూ అనుకోలేదు, మీరూ అలాంటి రోజుని పోయినదాని కింద రాయకండి.

రేపటి నుంచే మొదలుపెట్టాలనుంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మని అడగండి, ఈ వారం ఎండబెట్టాల్సినవి ఏమున్నాయో. పొద్దున్నే పైకి మోసుకెళ్లే పని మీరు తీసుకోండి, పుస్తకం ఇప్పుడే మెట్ల దగ్గర పెట్టేయండి.