చెట్లు, పిట్టల సర్వే చేస్తానంటోంది మా అమ్మాయి... ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. మా అమ్మాయి బీఎస్సీ బోటనీ, జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చేయమంటే వినడం లేదు. రోడ్లు, ఫ్యాక్టరీలు, టౌన్‌షిప్‌లు కట్టే ముందు ఆ భూమిలో ఏ చెట్లు, ఏ జంతువులు ఉన్నాయో సర్వే చేస్తారట, ఆ పనిలోకే వెళ్తానంటోంది. ఇందులో నిజంగా ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్లను అడవుల్లో తిరిగే పనికి పంపాలంటే మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ, అదీ చట్టం అడిగే ఉద్యోగం. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (ప్రాజెక్టు వల్ల పర్యావరణంపై పడే ప్రభావం అంచనా) నోటిఫికేషన్ ప్రకారం గనులు, థర్మల్ ప్లాంట్లు, పెద్ద హైవేలు, పారిశ్రామిక వాడల లాంటివి మొదలుపెట్టే ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 50 హెక్టార్లు, అంటే దాదాపు 125 ఎకరాల టౌన్‌షిప్ వేయాలన్నా ఈఐఏ నివేదిక ఇవ్వాల్సిందే. ఆ నివేదికను ఎవరు పడితే వాళ్ళు రాయడానికి లేదు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చెందిన నాబెట్ గుర్తింపు ఉన్న కన్సల్టెన్సీలే రాయాలి. గాలికి, నీటికి, శబ్దానికి ఉన్నట్టే ఎకాలజీ, బయోడైవర్సిటీకి కూడా అక్కడ విడిగా నిపుణులు ఉంటారు. మీ అమ్మాయి చూస్తున్నది ఆ కుర్చీ.

ఈ పని ఎంత విలువైనదో చెప్పడానికి మీ పక్క కడప జిల్లా చాలు. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్ళీ కనబడింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, మనిషి అలికిడి అయితే పొదల్లో మాయమవుతుంది. మరి అది ఎక్కడెక్కడ ఉందో తేల్చడం ఎలా? పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, చదును చేసి వదిలేశారు. తెల్లారాక వచ్చి రాత్రి దాని మీద ఎవరు నడిచారో చూశారు. కలివికోడికి వెనక వేలు ఉండదు, మూడు వేళ్ళ ముద్రే పడుతుంది. అదే సైజులో ఉండే మిగతా పిట్టల ముద్రల నుంచి దాన్ని విడదీసి గుర్తుపట్టాలి. అంత ఓపికగా కూడబెట్టిన సమాచారం ఉండబట్టే, తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదికి వచ్చినప్పుడు దాని దారి మార్చారు. బయటివాళ్ళకు అది ఉత్త ముళ్ళకంప భూమి. కలివి, రేగు, చండ్ర పొదలు తప్ప ఏముంది అంటారు.

ఇలా కాగితం మీద ‘బీడు’ అని రాసేస్తే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూసింది. అక్కడి బీల భూములు నీళ్ళు నిలిచే తడినేలలు, రైతులకూ మత్స్యకారులకూ బతుకుతెరువు. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. మొదటి సర్వే దగ్గరే ఆ నేలను ఉన్నదున్నట్టు రాసి ఉంటే అంతదూరం వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చదువు. బీఎస్సీతో ఫీల్డ్ అసిస్టెంట్‌గా దొరుకుతుంది కానీ, పైకి వెళ్ళాలంటే పీజీ తప్పదు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లలో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. సీట్లు బాగా తక్కువ, పోటీ గట్టిది. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ ఎమ్మెస్సీ మంచిది. ఇవేవీ రాకపోతే ఆంధ్రా యూనివర్సిటీలోనో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో బోటనీ చేసినా నష్టం లేదు. నన్నడిగితే, మొక్కల వర్గీకరణ బాగా చెప్పే మాస్టారు దొరికిన సాధారణ కాలేజీ, పేరు మాత్రమే ఉన్న పెద్ద కాలేజీ కంటే మేలు.

ఎందుకంటే ఈ రంగంలో డిగ్రీలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, గడ్డిని చూసి పేరు చెప్పగలిగేవాళ్ళు తక్కువ. ఫీల్డులో పని ఇలా ఉంటుంది: చెట్లకు 10 మీటర్ల చదరం, పొదలకు 5 మీటర్లది, చిన్న మొక్కలకు 1 మీటరుది తాడుతో కట్టి, అందులో ఉన్నవన్నీ పేరుపేరునా లెక్కపెట్టాలి. పక్షులకైతే తెల్లవారుజామునే వెళ్ళాలి, చాలావాటిని కూతను బట్టే పట్టుకోవాలి. మన రాయలసీమలో మే నెలలో ఎండిన నేల చూసి ‘ఇక్కడ గడ్డి జాతులు లేవు’ అని రాసినవాళ్ళు తొలకరి తర్వాత అదే చోటికి వెళ్తే తెల్లబోతారు. ఏ కాలంలో చూశామన్నది కూడా నివేదికలో నిజాయతీగా రాయాలి. వీటితో పాటు మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, ఉచితమే. మ్యాపు వేయడం రాకపోతే ఈరోజుల్లో ఇంటర్వ్యూ దాటడం కష్టం.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. నివేదిక రాసే కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు యజమానే. నెమలి కనబడిందనుకోండి. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది కాబట్టి, దానికి సంరక్షణ ప్రణాళిక, బడ్జెట్ చూపించాల్సి వస్తుంది. ‘ఆ పేరు తీసేస్తే పోతుంది కదా మేడమ్’ అనే మాట ఏదో ఒకరోజు వినబడుతుంది. తేదీ, జీపీఎస్, ఫొటోతో ఫీల్డు నోట్సు పక్కాగా ఉన్న మనిషిని ఒప్పించడం కష్టం. కాబట్టి ఆ అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకునేలా ఉండదు, అది తెలిసే దిగాలి. కొన్నేళ్ళ అనుభవంతో నిపుణురాలిగా నాబెట్ ఆమోదం వస్తే పరిస్థితి మారుతుంది. పైగా అవకాశాలు ఈఐఏతోనే ఆగిపోవు. సోలార్, విండ్ ప్రాజెక్టులకు మన ఈఐఏ నోటిఫికేషన్ వర్తించదు, కానీ విదేశీ బ్యాంకులు అప్పిచ్చేటప్పుడు జీవవైవిధ్య సర్వే అడుగుతాయి. కర్నూలు, అనంతపురం వైపు అలాంటి ప్రాజెక్టులకు కొదవ లేదు. ఇంగ్లండ్‌లో అయితే 2024 ఫిబ్రవరి నుంచి కొత్త నిర్మాణాల్లో చాలావాటికి జీవవైవిధ్యాన్ని 10 శాతం పెంచి చూపాలన్న నిబంధన వచ్చింది, ఎకాలజిస్టులకు అక్కడా పని ఉంది.

భద్రత గురించి మీ భయం సహజమే. అయితే ఈ పనిలో ఎక్కువ భాగం దట్టమైన అడవిలో కాదు, పొలాల్లో, చెరువు గట్ల మీద, ఊరి ఉమ్మడి భూముల్లో జరుగుతుంది. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు. చేరే ముందే అడగమనండి: టీములో ఎంతమంది, స్థానికంగా తోడు ఎవరు, బస ఎక్కడ, వాహనం, ఇన్సూరెన్స్ ఉన్నాయా అని. సరిగ్గా జవాబు చెప్పని కంపెనీలో చేరకపోయినా ఫర్వాలేదు.

పీజీ ఫీజు కట్టే ముందు ఒక పని చేయించండి. కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టుల ఈఐఏ నివేదికలు ఉంటాయి. మీ జిల్లాలోని ఏదో ఒక ప్రాజెక్టు నివేదిక తీసి, అందులో మొక్కలు, జంతువుల అధ్యాయం చదవమనండి. తర్వాత మీరిద్దరూ కలిసి ఓ ఆదివారం ఆ ఊరి వైపు వెళ్ళి, అందరూ తిరిగే దారిలోనే నడుస్తూ జాబితాలో ఉన్నవి ఎన్ని కనబడ్డాయో, లేనివి ఎన్ని కనబడ్డాయో టిక్కు పెట్టుకుంటూ రండి. ఎండలో మూడు గంటలు తిరిగాక కూడా తను ఇంకో గంట ఉందాం నాన్నా అంటే, మీరు బీఈడీ మాట ఎత్తకండి.