కావలి రూపాయి, ఆఫ్రికా కన్ను

ఈ నెల కంటి ఆరోగ్యం మీద వచ్చిన ప్రశ్నలకు, ప్రకాశం జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ఆప్తాల్మిక్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరైన మేడమ్ జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. ఈమధ్యే లయన్స్ క్లబ్‌లో చేరాను. మేం ఇచ్చే విరాళాల్లో కొంత అంతర్జాతీయ ఫౌండేషన్‌కు పంపుతున్నారు. విదేశాల్లో కంటిజబ్బులకు ఖర్చు పెడతారట. పక్క పల్లెల్లో శుక్లాలతో ముసలివాళ్లు గోడలు పట్టుకుని నడుస్తుంటే డబ్బు ఆఫ్రికాకు ఎందుకు పంపాలి?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: నాయనా, ఒకప్పుడు ఆ డబ్బు మన దగ్గరికే వచ్చింది. 1925లో అమెరికాలోని సీడర్ పాయింట్‌లో లయన్స్ మహాసభ జరిగితే, చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వెళ్లి చూపులేనివాళ్లకు అండగా నిలవమని అడిగారు. అప్పటి నుంచి కంటిసేవ ఆ క్లబ్బులకు సొంత పనైపోయింది. 1990లో సైట్‌ఫస్ట్ అనే కార్యక్రమం పెట్టి, మొదటి విడతలోనే 14 కోట్ల డాలర్లకు పైగా పోగుచేశారు. మన దేశంలో ఎన్నో శుక్లాల ఆపరేషన్లకు, కంటి ఆసుపత్రుల పరికరాలకు అందులోంచే సాయం అందింది. మన ఊరి పేరు కూడా తెలియనివాళ్లు ఇచ్చిన డబ్బది.

ఇక ఆఫ్రికా సంగతి. అక్కడ వేగంగా పారే నదుల దగ్గర పుట్టే నల్ల ఈగ కుట్టడం వల్ల ఒక రకం నులిపురుగు ఒంట్లో చేరుతుంది. దాని పిల్లలు కంటిదాకా పాకి చూపు తీసేస్తాయి. దాన్ని రివర్ బ్లైండ్‌నెస్ అంటారు. మందు మనకు తెలిసిందే, కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానిన ఐవర్‌మెక్టిన్. 1987 నుంచి మెర్క్ కంపెనీ ఈ జబ్బుకు దాన్ని ఉచితంగానే ఇస్తోంది. కానీ తల్లిపురుగు ఒంట్లో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది కాబట్టి, ఊరూరా ప్రతి మనిషి చేతా ఏటా మింగించాలి. మాత్ర ఉచితమైనా, దాన్ని పల్లెదాకా మోసుకెళ్లే మనిషికి ఖర్చుంటుంది. లయన్స్ డబ్బు అక్కడ పనికొచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పెట్టిన కార్టర్ సెంటర్‌తో కలిసి చేసిన పని వల్ల, ఈ జబ్బే ఉన్న లాటిన్ అమెరికాలో 2013లో కొలంబియా, 2014లో ఈక్వెడార్, 2015లో మెక్సికో, 2016లో గ్వాటెమాలా ఆ జబ్బు నుంచి బయటపడ్డాయి. ఆఫ్రికాలో మొదటగా నైజర్ దేశం 2025లో బయటపడింది. కాబట్టి పంపండి, మనసులో ఏం పెట్టుకోకండి.

అయినా మీ బాధ న్యాయమైనదే. మన దగ్గర ఖర్చు పెట్టే డబ్బు ఎటు పోతోందన్నది నాకు ఇంకా ముఖ్యం. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. స్వచ్ఛంద ఆసుపత్రులు చేసే ఉచిత శుక్లం ఆపరేషన్‌కు ప్రభుత్వమే ఇంతని ఇస్తుంది. ఎవరూ ఇవ్వనిది ఆటో చార్జీ, తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలీ.

పొదిలి దగ్గర హైస్కూలు వరండాలో క్యాంపు పెట్టేవాళ్లం. ఆపరేషన్ కావాల్సిన కంటి పైన, నుదుటి మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరు రాసేవాళ్లం. అలా పేరు రాయించుకుని వెళ్లి, ఒక పొగాకు గ్రేడింగ్ కూలీ ఆపరేషన్ చేయించుకుంది. చుక్కల మందు వారానికే అయిపోయింది. నొప్పి లేదు కదా అని మళ్లీ కొనలేదు. నేరుగా పొగాకు దుమ్ములోకి వెళ్లిపోయింది. కన్ను ఎర్రబడి చూపు మసకేస్తే, క్లబ్ సభ్యుడొకాయన బండి మీద ఎక్కించుకుని ఒంగోలు తీసుకుపోయాడు. సమయానికి చేరింది కాబట్టి కన్ను దక్కింది. బ్యానర్ ముందు నిలబడి ఫొటో దిగినవాళ్లలో మరెవరూ ఆమె ఇంటికి వెళ్లలేదని ఇప్పటికీ నాకు బాధే.

మీ క్లబ్ మీటింగ్‌లో ఒక్కటి అడగండి: ‘ఎన్ని ఆపరేషన్లు చేయించాం అన్నది సరే, నెల తర్వాత ఎంతమందికి చూపు సరిగ్గా ఉంది?’ చుక్కల మందు చివరిదాకా అందించండి, రివ్యూ రోజున ఆటో పంపండి. పవర్ చూసి కళ్లద్దాలు ఇచ్చాకే ఆ పేషెంటు పని పూర్తయినట్టు. పొగాకు పల్లెల్లో అయితే పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లు నడిచే రోజుల్లో క్యాంపు పెట్టకండి, ఎవరూ రారు.

ప్రశ్న: మా అత్తమ్మకు క్యాంపులో శుక్లం అన్నారు. ఊళ్లోవాళ్లేమో ‘బాగా ముదరనీ, ఉచితంగా చేస్తే కన్ను పోతుంది’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాటమ్మా. అప్పట్లో కటకం తీసేసి ఊరుకునేవాళ్లు, పేషెంటు సోడాబుడ్డి కళ్లద్దాలతో మెట్టు కనపడక పడిపోయేవాడు. ఇప్పుడు కంట్లోనే కొత్త కటకం పెడతారు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి ఆ కటకాలను ఇక్కడే తయారుచేయడంతో, బయటి దేశం ధర పెట్టలేని పేదవాళ్లకూ అవి అందాయి. బాగా ముదిరిన శుక్లం గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు వస్తుంది.

క్యాంపులో పరీక్ష మాత్రమే జరగాలి, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్‌లోనే. ఆ రెండూ అడిగి తెలుసుకోండి. షుగర్, బీపీ చూడకుండా చేస్తామంటే ఒప్పుకోవద్దు. నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయేమో కూడా పరీక్షించమనండి, దానివల్ల పోయిన చూపు తిరిగిరాదు. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు, మసక ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇంట్లో పాత కళ్లద్దాలు చాలా ఉన్నాయి. క్లబ్‌కు ఇస్తే పేదలకు పనికొస్తాయా?
— ఒక పాఠకుడు, వెంకటగిరి

జవాబు: ఒకరి పవర్ ఇంకొకరికి కుదరడం కష్టం. ఏరి, కడిగి, పవర్ కొలిచే ఖర్చుతో కొత్తవే కొనొచ్చు. మీ ఊళ్లో నలభై దాటి పోగు కనపడక అవస్థపడుతున్న ఒక నేత కార్మికుణ్ణి కంటి పరీక్షకు తీసుకెళ్లి, దగ్గర చూపు అద్దాలు కొనివ్వండి.