పాత రైఫిల్‌కి మొన బుల్లెట్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారి 7×57 మౌజర్ రైఫిల్ ఇప్పుడు నా లైసెన్సు మీద ఉంది. ఆయన వాడినవన్నీ 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి కొలత) గుండ్రటి మొన బుల్లెట్లు. నేను ఈమధ్యే తూటాలు సొంతంగా లోడ్ చేసుకోవడం, అంటే ఖాళీ ఇత్తడి కేసులో ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత), మందు, బుల్లెట్ పెట్టి తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. మొనదేలిన బుల్లెట్లకు మారదామని ఉంది కానీ 140 నుంచి 175 గ్రెయిన్ల దాకా ఇన్ని రకాలు చూస్తే ఏది కొనాలో తేలడం లేదు. పర్మిట్ మీద జింకల వేటకు వెళ్తాను. ఎప్పుడూ 200 గజాలు దాటి కాల్చను.

జవాబు: బుల్లెట్ కొనే ముందు ఆ రైఫిల్‌ని ఒక మంచి గన్‌స్మిత్‌కి చూపించండి. అది 1893 లేదా 1895 మోడల్ అయితే, 1898 మోడల్‌లో ఉండే మూడో సేఫ్టీ లగ్ (పేలుడుకి బోల్ట్ వెనక్కి రాకుండా ఆపే అదనపు గుబ్బ) దానికి ఉండదు. అలాంటి పాత తుపాకులు ఇంకా వాడకంలో ఉన్నందుకే అమెరికన్ లోడింగ్ పుస్తకాల్లో 7×57కి ఒత్తిడి పరిమితి తక్కువగా, 51,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర పెట్టారు. మీరు ఆ పరిమితిలోనే ఉండండి. జింక కోసం అంతకు మించి అవసరమే లేదు.

ఇక అసలు విషయం. ఈ 7×57 తూటా పుట్టినప్పటికి సైన్యాలకు మొన బుల్లెట్ రాలేదు. స్పెయిన్ 1893లో దీన్ని తీసుకుంటే, ఫ్రాన్స్ మొన బుల్లెట్‌కి మారింది 1898లో, జర్మనీ 1903లో. కాబట్టి మీ బ్యారెల్ మొదట్లో, బుల్లెట్‌ని తిప్పే రైఫ్లింగ్ గాడులు మొదలయ్యే ముందు ఉండే ఖాళీని, అంటే థ్రోట్‌ని, 173 గ్రెయిన్ల పొడుగాటి గుండ్రటి బుల్లెట్ కోసం తొలిచారు. గుండ్రటి బుల్లెట్ పూర్తి లావుతో చాలా ముందుకు వస్తుంది. మొన బుల్లెట్ ఎక్కడో వెనక నుంచే సన్నబడిపోతుంది. రెండు తూటాలనూ ఒకే పొడుగున లోడ్ చేసినా, రెండోది గాడులకు చాలా దూరంలో ఉండిపోతుంది.

మీ రైఫిల్‌లో ఆ దూరం ఎంతో ఇంట్లోనే చూసుకోవచ్చు. మందు, ప్రైమర్ రెండూ లేని ఖాళీ కేసు తీసుకోండి. ఈ పని చేసేటప్పుడు బల్ల మీద అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. మొన బుల్లెట్‌కి చుట్టూ మార్కర్ పెన్ పూసి, కేసు మెడలో కావాలనే కాస్త పొడుగ్గా కూర్చోబెట్టి, బోల్ట్ నెమ్మదిగా మూసి తీయండి. గాడులు తగిలి ఉంటే ఇంకు చెరిగి, చిన్న చిన్న నలుచదరపు మెరుపులు బుల్లెట్ చుట్టూ ఒకే వరుసలో కనబడతాయి. కనబడలేదంటే తగల్లేదన్నమాట. పాత 7×57లలో తేలికపాటి మొన బుల్లెట్‌ని గాడుల దాకా తీసుకెళ్లాలంటే అది కేసు మెడలోంచి ఊడిపోయేంత ముందుకు రావాలి. అలా చేయకండి. బుల్లెట్ తన లావంత, అంటే సుమారు 7 మి.మీ. అయినా మెడలో పట్టు కలిగి ఉండాలి. తూటా మొత్తం పొడుగు 78 మి.మీ. దాటకూడదు. మిగిలిన దూరం గురించి టెన్షన్ పడొద్దు. గాడులకు దూరంగా ఉండి కూడా చక్కగా గుంపు పెట్టే, అంటే అన్నీ దగ్గరదగ్గరగా తగిలే బుల్లెట్లు చాలా ఉన్నాయి.

ట్విస్ట్ విషయంలో మీరు అదృష్టవంతులు. పాత మౌజర్ బ్యారెల్‌లో బుల్లెట్ 220 మి.మీ.కి ఒక చుట్టు తిరుగుతుంది, ఆ దూరమే ట్విస్ట్. గణిత ప్రొఫెసర్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ఉజ్జాయింపు లెక్కకి పనికొస్తుంది: బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, 150తో గుణించి, ట్విస్ట్‌తో భాగించాలి. 7.2ని 7.2తో గుణిస్తే సుమారు 51.8, దాన్ని 150తో గుణించి 220తో భాగిస్తే సుమారు 35 మి.మీ. అంత పొడుగు బుల్లెట్ దాకా మీ బ్యారెల్ స్థిరంగా తిప్పగలదు. గుర్తుంచుకోండి, ఇక్కడ లెక్కకొచ్చేది బరువు కాదు, పొడుగు. పూర్తి రాగి బుల్లెట్లు అదే బరువు సీసం బుల్లెట్ కంటే పొడుగ్గా ఉంటాయి. కొనేముందు కాలిపర్‌తో కొలవండి.

మొన వల్ల లాభం ఎంత? 175 గ్రెయిన్ల గుండ్రటి బుల్లెట్ సెకనుకు 2,400 అడుగుల చిల్లరతో బయల్దేరి 200 గజాల దగ్గర సుమారు 1,800 అడుగులకు పడిపోతుంది. 2,660తో బయల్దేరే 140 గ్రెయిన్ల మొన బుల్లెట్‌కి అక్కడ ఇంకా 2,200 మిగులుతుంది. మామూలు వేట బుల్లెట్లు చాలావరకు 1,800 పైన ఉంటేనే నమ్మకంగా విచ్చుకుంటాయి. నేను మొన బుల్లెట్‌కి ఓటేసేది ఈ కారణంతోనే. విచ్చుకోని బుల్లెట్ జంతువుని గాయపరిచి పంపేస్తుంది, అంతకంటే ఘోరం వేటలో ఇంకోటి లేదు. అందుకే సైన్యపు ఫుల్ జాకెట్ (మొన దాకా గట్టి లోహపు తొడుగు ఉండి విచ్చుకోని) మొన బుల్లెట్లు చవకగా దొరికినా వేటకు ముట్టుకోవద్దు.

నా సలహా: 140 గ్రెయిన్లు, చదును అడుగు, మెత్తటి సీసపు మొన. జాన్ రిగ్బీ కంపెనీ కూడా 1907లో .275 రిగ్బీ పేరుతో ఇదే తూటాకి 140 గ్రెయిన్ల మొన బుల్లెట్‌నే జత చేసింది. అది మీ బ్యారెల్‌లో సరిగ్గా గుంపు పెట్టకపోతే 154 లేదా 160కి వెళ్లండి. వాటి ఒళ్లు పొడుగు కాబట్టి మీ థ్రోట్‌కి మరింత దగ్గరవుతాయి. పడవ అడుగు (వెనక వైపు సన్నబడే) బుల్లెట్లకు ఎక్కువ డబ్బు పెట్టకండి, 200 గజాల్లో ఆ తేడా మీకు కనబడదు. మ్యాగజైన్‌లో అడుగున ఉన్న తూటాల సీసపు మొనలు తుపాకీ తన్నుడికి నలుగుతుంటే ప్లాస్టిక్ మొనవి తీసుకోండి.

ఏది తీసుకున్నా, సరిగ్గా ఆ బుల్లెట్‌కే ప్రచురించిన డేటా వాడి, కనీస లోడ్ నుంచి మొదలుపెట్టండి. రెండు బుల్లెట్ల బరువు ఒకటే అయినా ఒత్తిడి ఒకటి కాదు. తాతగారి సైట్లు పాత బుల్లెట్‌కి సరిచేసినవి, కాబట్టి వేటకు ముందు మళ్లీ జీరో చేసుకోవాల్సిందే.

ప్రశ్న: నాది .30-30 లీవర్ రైఫిల్. మ్యాగజైన్ బ్యారెల్ కింద గొట్టంలా ఉంటుంది. నేనూ మొన బుల్లెట్లు లోడ్ చేయవచ్చా?

జవాబు: గట్టి మొన ఉన్నవి వద్దు. ఆ గొట్టంలో ఒక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌కి ఆని ఉంటుంది. తుపాకీ తన్నినప్పుడు ఆ మొన ప్రైమర్‌ని పేల్చవచ్చు. చదును మొన బుల్లెట్లు వాడండి, లేదా గొట్టపు మ్యాగజైన్‌కి పనికొస్తుందని తయారీదారే ప్యాకెట్ మీద రాసిన మెత్తటి రబ్బరులాంటి మొన ఉన్నవి. ఒకటి చాంబర్‌లో, ఒకటి మ్యాగజైన్‌లో పెట్టి గట్టి మొనవే కాల్చేవాళ్లున్నారు. నేను అది సిఫారసు చేయను. వేట హడావిడిలో మూడోది గొట్టంలోకి వెళ్లిపోవడానికి ఎంతోసేపు పట్టదు.