నాటించుకునే ముందు ఉన్న జుట్టు సంగతి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో జుట్టు గురించి అడిగినవే ఎక్కువ. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. మందులు వాడుతూ ట్రాన్స్‌ప్లాంట్ (జుట్టు నాటించుకునే ఆపరేషన్) ఆలోచనలో ఉన్నవాళ్లు నాలుగూ చదవండి, ఒకరి ప్రశ్నకి ఇచ్చిన జవాబు ఇంకొకరికి పనికొస్తుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది హనుమకొండ, ఉద్యోగం గచ్చిబౌలిలో, వయసు 27. రెండేళ్లుగా ముందువైపు, నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. మా నాన్నగారికి ముప్పై దాటకముందే బట్టతల వచ్చేసిందట. 8 నెలలుగా మినాక్సిడిల్ 5 శాతం రాస్తున్నాను, 5 నెలలుగా ఫినాస్టెరైడ్ 1 ఎంజీ వేసుకుంటున్నాను. ఊడటం తగ్గింది కానీ కొత్తగా వచ్చిందేమీ కనపడట్లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, మాఘమాసంలో పెళ్లి చేయాలని అమ్మ పట్టుదల. ఒక క్లినిక్‌లో 3,500 గ్రాఫ్టులు (నాటే కుదుళ్లు) పెడతాం, దసరాలోపు బుక్ చేసుకుంటే డిస్కౌంట్ ఇస్తాం, ఆపరేషన్ అయ్యాక మందులు మానేయొచ్చు అన్నారు. చేయించుకోమంటారా?

జవాబు: ఈ దసరాకి వద్దు బాబూ. ఎందుకో వివరంగా చెప్తాను, మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.

ముందు లెక్క చూద్దాం. దసరాకి చేయించుకున్నారనుకోండి. నాటిన కుదుళ్లు లోపలే ఉంటాయి కానీ వాటి పైనున్న వెంట్రుకలు రెండో వారం నుంచి ఆరో వారం లోపు దాదాపు అన్నీ రాలిపోతాయి. అంటే కార్తీకమాసంలో మీరు అద్దంలో చూసుకుంటే ఆపరేషన్‌కి ముందుకన్నా పలచగా కనిపిస్తుంది, ఎందుకంటే కొన్నిసార్లు చుట్టుపక్కల పాత జుట్టు కూడా ఆ దెబ్బకి తాత్కాలికంగా రాలుతుంది. సంక్రాంతి నాటికి సన్నటి నూగులా మొదలవుతుంది. ఉగాదికి నలుగురికీ కనిపించేంత వస్తుంది, పూర్తి ఫలితం మళ్లీ దసరాకే. మాఘమాసం పెళ్లి ఫొటోల కోసం దసరాకి చేయించుకుంటే సరిగ్గా అధ్వాన్నంగా కనిపించే నెలల్లోనే పెళ్లిచూపులూ నిశ్చితార్థమూ వస్తాయి.

ఇక అసలు విషయం. తల వెనక, చెవుల పైన ఉండే వెంట్రుకలకి జుట్టుని సన్నబరిచే డీహెచ్‌టీ అనే హార్మోన్ తాకిడి పెద్దగా అంటదు. అక్కడి కుదుళ్లు తీసి ముందుకి నాటినా ఆ గుణం వాటితోనే వస్తుంది. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ఇది రాసిన దగ్గర్నుంచి ట్రాన్స్‌ప్లాంట్ అంతా దీని మీదే నడుస్తోంది. కానీ నాటిన వాటి పక్కనే, వాటి వెనకే, మీ పాత జుట్టు ఉంది కదా, దానికి ఆ రక్షణ లేదు. ఆపరేషన్ దాన్ని కాపాడదు. మందులు మానేస్తే అప్పటిదాకా వాటివల్ల నిలబడిన జుట్టు ఏడాదిలోపు పోతుంది, నాటింది మాత్రం ముందువైపు ఒక గట్టులా మిగిలి దాని వెనక మాడు ఖాళీ అవుతుంది. అలా వచ్చినవాళ్లని నేను చూశాను. మళ్లీ నాటిద్దామంటే వెనక సరుకు ఉండదు. చాలామందికి జీవితం మొత్తానికి తీయగలిగిన గ్రాఫ్టులు 5, 6 వేలకి మించవు. అందులో 3,500 మీరు 27 ఏళ్లకే ఖర్చు పెట్టేస్తామంటున్నారు, అదీ మీ నాన్నగారి తల ఎలా ఉందో తెలిసి. మందులు మానేయొచ్చు అన్న ఆ ఒక్క మాటకే నేనైతే ఆ క్లినిక్ వైపు మళ్లీ వెళ్లను.

మీ మందులు పనిచేయట్లేదని ఎలా అనుకున్నారు? ఊడటం తగ్గిందని మీరే రాశారు. ఫినాస్టెరైడ్ మొదటి పని అదే. అది పనిచేసిందా లేదా అన్నది 12 నెలలకి గానీ తేల్చకూడదు, మీవి 5 నెలలే అయ్యాయి. అందుకని ఒక పని చేయండి: ఒకే బాత్‌రూమ్‌లో, ఒకే లైటు కింద, పొడి జుట్టుతో, నెలకోసారి ముందు, పైన, వెనక ఫొటోలు తీసుకోండి. రోజూ దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెడితే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ తెలియదు.

మొన్న మీ వయసబ్బాయే ఒకరు ఇదే పరిస్థితిలో వచ్చారు. డెర్మోస్కోప్ మాడు మీద పెట్టి స్క్రీన్ మీద చూపించాను. ఒకే రంధ్రం నుంచి వచ్చిన మూడు వెంట్రుకల్లో ఒకటి దారంలా మందంగా, రెండు నూలు పోగులంత సన్నగా ఉన్నాయి. తల వెనక పెడితే మూడూ సమానం. మందులతో మనం కాపాడుకోవాల్సింది ఆ సన్నబడుతున్న రెండిటినే. నాటడానికి ఖాళీ చర్మం కావాలి, ఆ అబ్బాయికి ఇంకా ఖాళీ పడలేదు, మీకూ పడి ఉండకపోవచ్చు. ఏడాది మందులు పూర్తయ్యాక, జుట్టు ఒక స్థితికి వచ్చి నిలిచాక, అప్పటికీ ముందు అంచు మిమ్మల్ని బాధపెడితే తక్కువ గ్రాఫ్టులతో, నుదుటి మీద మరీ కిందికి దించకుండా చేయించుకోవచ్చు. పెళ్లి సంగతంటారా, చూడటానికి వచ్చే అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెట్టి ఆ టెన్షన్ మోయడం కన్నా అదే తేలిక.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. వయసు 33. వచ్చే వేసవిలో ట్రాన్స్‌ప్లాంట్ అనుకుంటున్నాను, అందుకని ఏడాదిగా ఫినాస్టెరైడ్ వాడుతున్నాను. ఖర్చు కలిసొస్తుందని 5 ఎంజీ బిళ్ల కొని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకుంటున్నాను. మా ఆవిడకి తెలియదు. ఇప్పుడు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మధ్యలో ఈ మధ్య మనసు కూడా బాగుండట్లేదు.

జవాబు: చివర ఒక వాక్యంలో రాసిన సంగతి నుంచే మొదలుపెడతాను. ఈ మందు వాడేవాళ్లలో కొద్దిమందికి దిగులు, నిరుత్సాహం వస్తాయి. 2025లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఆత్మహత్య ఆలోచనలను కూడా ఫినాస్టెరైడ్ దుష్ఫలితంగా ఖాయం చేసింది. కాబట్టి మనసు బాగుండట్లేదంటే ట్రాన్స్‌ప్లాంట్ అయ్యేదాకా ఓర్చుకుందాం అనుకోకండి. మందు ఆపి, ఈ వారంలోనే మీకు అది రాసిచ్చిన డాక్టర్‌ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే వారం కూడా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం లాంటివి కూడా కొందరిలో వస్తాయి, చాలామందికి మందు ఆపితే పోతాయి, కొందరికి ఆ తర్వాత కూడా ఉన్నట్టు నమోదైంది. సిగ్గుపడి దాచకండి.

రెండోది, మీ భార్యకి ఈ రోజే చెప్పండి. కడుపులో మగబిడ్డ ఉంటే ఈ మందు బిడ్డ జననాంగాల ఎదుగుదలని దెబ్బతీయగలదు. పూతతో ఉన్న నిండు బిళ్ల తాకితే భయం లేదు, కానీ మీరు బ్లేడుతో కోస్తున్న టేబుల్ మీద పడిన ఆ పొడి, ఆ తునకలు, ఆవిడ గుడ్డతో తుడిచేవేగా? గర్భం వచ్చినా, రావచ్చన్నా ఆమె చేతికి అవి తగలకూడదు. వీర్యం ద్వారా చేరేది చాలా తక్కువ, దాని గురించి కంగారు అక్కర్లేదు. అయితే కొందరిలో ఈ మందు వీర్యం నాణ్యతని తగ్గిస్తుంది, ఆపితే తిరిగి మెరుగవుతుంది, కాబట్టి మీరిప్పుడు ఆపడానికి ఇది కూడా ఒక కారణమే. ఆపాక వచ్చే వేసవి ఆపరేషన్ వాయిదా వేసుకోండి. మినాక్సిడిల్‌తో జుట్టు ఎంత నిలుస్తుందో చూసి తర్వాత ఆలోచిద్దాం. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక కూడా ఒక నెల రక్తదానం చేయకూడదు.

ప్రశ్న: నమస్కారం సార్. నేను డాలస్‌లో ఉంటాను, వయసు 38. మూడేళ్లుగా ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ వాడుతున్నాను, జుట్టు స్థిరంగా ఉంది. డిసెంబర్‌లో మూడు వారాల సెలవుకి హైదరాబాద్ వస్తున్నాను, అప్పుడు చేయించుకుందామని. ముందుగా ఏమేం ఆపాలి?

జవాబు: మూడేళ్లు స్థిరంగా ఉంచుకుని వస్తున్నారు, చాలా సంతోషం. ఫినాస్టెరైడ్ ఆపొద్దు. ఆపరేషన్‌కి 4 వారాల ముందు నుంచి 48 వారాల తర్వాత దాకా అది వాడినవాళ్లలో చుట్టుపక్కల జుట్టు మెరుగ్గా ఉందని 2005లో ఒక పరీక్షలో తేలింది. తలకి రాసే మినాక్సిడిల్‌ని మాత్రం చాలామంది సర్జన్లు కొన్ని రోజుల ముందు ఆపమంటారు, రక్తనాళాలు వెడల్పయి రక్తం ఎక్కువ కారవచ్చని. తిరిగి ఎప్పుడు మొదలెట్టాలో వాళ్లే చెప్తారు, నాటిన చోట కట్టిన పొక్కులు రాలకముందు రాయకండి.

ఎక్కువమంది చెప్పడం మర్చిపోయేవి వేరే ఉన్నాయి. చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయగలవు, చెప్పి ఆపేయండి. ఆస్పిరిన్ గానీ రక్తం పలచబడే మందులు గానీ గుండె డాక్టర్ రాసిచ్చినవైతే ఆయన చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. బీపీకో మైగ్రేన్‌కో ప్రొప్రనొలాల్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, తలకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుంది, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. జుట్టుకి మంచిదని బయోటిన్ వేసుకుంటుంటే రక్తపరీక్షలకి కొద్దిరోజుల ముందే మానేయండి, థైరాయిడ్ లాంటి పరీక్షల్లో తప్పుడు అంకెలు చూపిస్తుంది. సిగరెట్ ఉంటే ఇప్పటి నుంచే బంద్.

దిగిన మొదటి వారంలోనే చేయించుకోండి, చివరి వారంలో వద్దు. మూడో రోజుకో నాలుగో రోజుకో నుదుటి మీద, కళ్ల చుట్టూ వాపు వస్తుంది, పది రోజులకి పొక్కులు రాలతాయి, ఆ తర్వాత ఒకసారి సర్జన్‌కి చూపించి విమానం ఎక్కాలి. రంధ్రాలు చేసేదెవరు, కుదుళ్లు తీసేదెవరు అని ముందే అడగండి. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది, ఇది శిక్షణ పొందిన చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్ల లాంటి అర్హులైన డాక్టర్లు చేయాల్సిన ఆపరేషన్ అని. సంతకం డాక్టర్‌ది, చేతులు టెక్నీషియన్‌వి అయితే లేచి వచ్చేయండి, టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వయసు 41. ఫిబ్రవరిలో ట్రాన్స్‌ప్లాంట్ ఖాయం చేసుకున్నాను. తిరుమలలో తలనీలాలు ఇస్తానని పాత మొక్కు ఉంది. ముందు ఇవ్వాలా, తర్వాతా? గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందంటారు, నిజమేనా?

జవాబు: ముందే తీర్చేసుకోండి. కత్తి చర్మం పైన ఉన్నదాన్నే తీస్తుంది, కుదురు లోపల ఉంటుంది కాబట్టి దానికి నష్టమూ లేదు, లాభమూ లేదు. ఒత్తుగా వచ్చినట్టు అనిపించేది తెగిన వెంట్రుక కొన మొద్దుగా ఉండటం వల్ల. అయితే ఆపరేషన్‌కి కనీసం నెల, నెలన్నర ముందు వెళ్లిరండి, కత్తిగాట్లు, సెగ్గడ్డలు ఉంటే మానిపోవాలి, ఎక్కడ పలచగా ఉందో సర్జన్‌కి కనపడేంత జుట్టు పెరగాలి. ఆయనకి మీ తల ఫొటోలు కొండకి బయల్దేరే ముందు రోజు తీసి పంపండి. ఆపరేషన్ తర్వాతైతే ఏడాది దాకా తల మీద కత్తి పెట్టనివ్వకండి, కుటుంబంతో వెళ్లినా కళ్యాణకట్టలో ఈసారి పిల్లలకి మాత్రమే తీయించండి.