ఆ ‘భస్మం’ కొట్టేయ్

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని.

“భూమ్మీద నుంచి వదిలిన లేజర్ కిరణం శివుడి మూడో కన్నులా అంతరిక్షంలోని చెత్తను క్షణంలో భస్మం చేస్తుంది” అని మొదలుపెట్టావు. వినసొంపుగా ఉందమ్మా, కానీ అబద్ధం. ముందు దాన్ని కొట్టేయ్.

ఇలాంటిది నేనూ చేశాను. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న ఇరీడియం 33 ఉపగ్రహం, ఎప్పుడో మూలనపడ్డ రష్యా కాస్మోస్ 2251 ఢీకొన్నాయి. లెక్కకెక్కిన ముక్కలే రెండు వేలు దాటాయి. హడావుడిగా ఓ ఆదివారం అనుబంధానికి రాస్తూ “అంతరిక్షంలో తేలుతున్న చెత్త” అన్నాను. పది రోజులకు ఓ లెక్కల మాస్టారు కార్డు రాశారు: “తేలేదానికి భయమెందుకండీ?” అంతే, ఒక్క లైను. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని తేలుతోందంటే చదివేవాడికి చెరువులో తామరాకు కనిపిస్తుంది మరి. అప్పట్నుంచీ సైన్సు వ్యాసం ఎవరిదైనా నేను మొదట చూసేది క్రియాపదాల్నే.

లేజర్ చేసే పనికి సరైన మాట ‘తోయడం’. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్క చిందులేస్తుంది చూడు, కింద పుట్టిన ఆవిరి దాన్ని ఎగదోస్తుంది. ఇదీ అంతే. పల్స్, అంటే లేజర్ క్షణకాలపు మెరుపు, తగిలినప్పుడు ముక్క మీద పలచటి పొర ఆవిరై లేజర్ వైపు చిమ్ముతుంది, ముక్క అవతలి వైపుకి జరుగుతుంది. అది దిగంతం మీంచి మనవైపు వస్తున్నప్పుడే కొట్టాలి, అప్పుడు తోపు దాని పరుగుకి ఎదురుపడుతుంది. నెత్తి మీదుగా దాటిపోయాక కొడితే ఇంకా ఉరికించినట్టే! 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగేదానికి సెకనుకు 160 మీటర్ల వేగం తగ్గిస్తే చాలు, దాని దారి ఒకవైపు 200 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. అంటే ఉన్న వేగంలో రెండు శాతం పైచిలుకు. అదైనా ఒక్క దెబ్బకు అయ్యేది కాదు, వచ్చినప్పుడల్లా కొడుతూ పోవాలి. మిగతా పని గాలి చూసుకుంటుంది. నీకు అంత ముచ్చటగా ఉంటే కాలడం గురించి అక్కడ రాసుకో, వాతావరణంలోకి దిగాక నిజంగానే కాలుతుంది.

ఈ పద్ధతి మీద 1990ల్లో నాసా ఓరియన్ పేరుతో అధ్యయనం చేయించింది. 2011లో నాసా ఏమ్స్ కేంద్రం నుంచి జేమ్స్ మేసన్ బృందం ఇంకో దారి చెప్పింది: ఏదీ ఆవిరి చేయొద్దు, 5 కిలోవాట్ల లేజర్ వెలుతురు ఒత్తిడితోనే ముక్కను కాస్త జరిపి గుద్దుకోకుండా తప్పిద్దామని. ఆ ఒత్తిడి ఎంతో తెలుసా? వెలుతురంతా ముక్క మీదే పడి ఇంకిపోయిందనుకున్నా, సగం నువ్వుగింజ బరువంత. నమ్మకపోతే లెక్కేసుకో, లేజర్ శక్తిని కాంతి వేగంతో భాగించడమే. నువ్వు పెట్టిన మూడో కన్ను కంటే నాకు ఈ నువ్వుగింజే ఆశ్చర్యంగా ఉంది. ముందుగానే తోస్తే ఆ పిసరంత తేడా గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది, అదే వాళ్ల ధీమా.

ఇంతా చేసి, భూమ్మీది లేజర్‌తో ఇప్పటిదాకా ఒక్క ముక్కనైనా దించిన దాఖలా లేదు. ఆ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఉండాలి.

రోజూ జరుగుతున్న పని వేరే ఉంది, దాన్ని నువ్వు నాలుగు లైన్లలో ముగించేశావు. ముక్క ఎక్కడుందో కొలవడం. లేజర్ పల్స్ పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయం చూస్తారు. 800 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ సెకనులో సుమారు రెండొందలో వంతు. ఆ కాస్తలోనే ముక్క 40 మీటర్లు జరిగిపోతుంది కాబట్టి కనబడే చోటికి గురిపెడితే తగలదు, ఉండబోయే చోటికి పెట్టాలి. పంపిన ఫోటాన్లకు, అంటే కాంతి కణాలకు, లెక్కే లేదు, తిరిగొచ్చేవి ఒకటీ అరా. పైగా చాలాకాలం ఈ పని తెల్లవారుజామునా సందె చీకట్లోనే సాగేది. ఇక్కడ చీకటిగా ఉండి, పైన ముక్క మీద ఎండ పడుతుంటేనే కనబడేది మరి. 2020లో ఆస్ట్రియాలోని గ్రాజ్ కేంద్రం వాళ్లు పట్టపగలు కూడా కొలిచి చూపించారు. నన్నడిగితే నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

శ్రీహరికోట ప్రస్తావన తీసెయ్. అక్కడి మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ కూడా ముక్కల్ని వెతుకుతుంది, నిజమే. కానీ అది రేడియో తరంగాల పని. మనూరు వచ్చిందని లేజర్ కథలో ఇరికిస్తే ఎలా? దాని మీద వేరే వ్యాసం రాయి, నేనే చదువుతాను.

చట్టం గురించి రాసిన పేరా బాగుంది, ముట్టుకోకు. చచ్చిన ఉపగ్రహమైనా 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం దాన్ని తన పేర నమోదు చేసుకున్న దేశం అధికారం కిందే ఉంటుంది, అడక్కుండా తోయడానికి లేదు. చెత్తను తోసే లేజర్ పక్కవాడి ఉపగ్రహాన్నీ తోయగలదు కదా అన్న అనుమానం కూడా ఒక్క వాక్యంలో చేర్చు.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. అన్నట్టు, మూడో పేజీలో నువ్వూ ‘తేలుతున్న’ అన్నావు.

ఉంటాను,
మాస్టారు