గీత దాటడం వల్లా, గీత దాటినవారిలోనా?

సందేహం: ఒక ప్రతిభా పరీక్షలో 60 మార్కులు, ఆపైన వచ్చినవాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. తర్వాత కాలేజీలో వాళ్లు ఎలా చదివారో పరిశోధకులు రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ పద్ధతిలో (అర్హత గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చే పద్ధతి) లెక్కగట్టారు. ఆ నివేదిక గురించి రాస్తూ నేను ‘స్కాలర్‌షిప్ వల్ల విద్యార్థుల మార్కులు పెరిగాయి’ అన్నాను. ఎడిటర్ గారు దాన్ని ‘స్కాలర్‌షిప్ పొందినవారిలో మార్కులు ఎక్కువగా ఉన్నాయి’ అని మార్చారు. లెక్కల గురించి రాసేటప్పుడు ‘వల్ల’ వాడకూడదట. ఎవరిది సరి? ‘వల్ల’ తీసేసి ‘రావడంతో’ అంటే గొడవ తీరుతుందా?

సమాధానం: ఎడిటర్ గారి భయం అర్థమైంది కానీ ఇక్కడ ఆయన దిద్దుబాటు సరికాదు. అలాగని మీ వాక్యమూ పూర్తిగా ఒప్పు కాదు. ‘వల్ల’ ఉండాల్సిందే. తప్పంతా ‘పెరిగాయి’లోనూ, మీరు రాయకుండా వదిలేసిన ఒక ముక్కలోనూ ఉంది.

ముందు ‘రావడంతో’ సంగతి. పాత వ్యాకరణాల లెక్కలో ‘తో’ తృతీయా విభక్తి, ‘వలన’ పంచమి. పనిముట్టుకూ తోడుకూ మొదటిది, పుట్టుకకూ కారణానికీ రెండోది అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఇప్పటి వార్తల భాషలో ‘-డంతో’ ఎంత అరిగిపోయిందంటే, రెండు సంగతులు ఒకేసారి జరిగినా అదే, ఒకదాని నుంచి ఇంకోటి పుట్టినా అదే, ఏది ఏమిటో రాసేవాడికి తెలియకపోయినా అదే. ‘నేపథ్యంలో’ అనేది దీనికి అన్నగారు. ‘వల్ల’ అనడానికి జంకి ‘-డంతో’ అంటే కారణం చెప్పడం మానేసినట్టు కాదు, బాధ్యత లేకుండా చెప్పినట్టు.

ఆ మాటకొస్తే తెలుగులో కారణం చెప్పడానికి విభక్తే అక్కర్లేదు. ‘జారిపడి చెయ్యి విరిగింది’ అన్నప్పుడు ‘పడి’ అనే క్త్వార్థకమే (‘చేసి’, ‘వెళ్లి’ లాంటి అసమాపక క్రియ) ఆ పని చేస్తోంది. అదే ‘పేపరు చదివి పడుకున్నాడు’లో వరస తప్ప కారణం లేదు. ఏది ఎప్పుడో వినేవాడే సందర్భాన్ని బట్టి తేల్చుకుంటాడు. ఎడిటర్ గారి ‘పొందినవారిలో ఎక్కువగా ఉన్నాయి’ని కూడా పాఠకులు అలాగే తేల్చుకుంటారు. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని ‘వల్ల’ అనే చదువుతారు. అంటే ఆ వాక్యం రాసినవాణ్ణి కాపాడుతుందే గానీ చదివేవాణ్ణి కాపాడదు.

ఇక అసలు సంగతి. ‘వల్ల’ రాసిన ప్రతిచోటా దాని వెనక ఇంకో వాక్యం నిలబడి ఉంటుంది. ‘అడిగితే ఇచ్చాడు’ అంటే అడగడమూ ఇవ్వడమూ జరిగాయి. ‘అడిగి ఉంటే ఇచ్చేవాడు’ అంటే రెండూ జరగలేదు. జరగనిదాన్ని ఊహించి చెప్పడానికి మన క్రియకు ఇంత చక్కని ఏర్పాటు ఉంది. ‘స్కాలర్‌షిప్ వల్ల ఇన్ని మార్కులు వచ్చాయి’ అన్నామంటే, ‘స్కాలర్‌షిప్ రాకపోయి ఉంటే ఇన్ని వచ్చేవి కావు’ అని కూడా అన్నట్టే. ఈ రెండో వాక్యానికి సాక్ష్యం ఏది? ఒకే విద్యార్థికి స్కాలర్‌షిప్ వచ్చిన జీవితం, రాని జీవితం రెండూ ఉండవు. రాని జీవితానికి బదులుగా ఇంకెవరినో నిలబెట్టాలి. ఎవరిని నిలబెట్టారన్న దాన్ని బట్టే ‘వల్ల’ నిలబడుతుంది, లేదా కూలుతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లందరికీ కాలేజీలో సగటున 68, రానివాళ్లందరికీ 46. తేడా 22. ఈ 22 పక్కన ‘వల్ల’ రాస్తే ఎడిటర్ గారు ఎర్ర కలం తీయాల్సిందే. ప్రతిభా పరీక్షలో 90 తెచ్చుకున్నవాడికీ 30 తెచ్చుకున్నవాడికీ స్కాలర్‌షిప్ ఒక్కటే తేడా కాదు. ముందునుంచే వాళ్ల చదువు వేరు, బహుశా ఇంటి పరిస్థితులూ వేరు.

ఈ పద్ధతి చూసేది వాళ్లను కాదు. బొటాబొటీగా గట్టెక్కినవాళ్లనూ, కొద్దిలో తప్పిపోయినవాళ్లనూ చూస్తుంది. 61 వచ్చినవాడికీ 59 వచ్చినవాడికీ మధ్య ఉన్నది ఒక ప్రశ్న తేడా, ఆ రోజు పట్టని నిద్ర తేడా. ఆ చిన్న తేడాను కూడా వదిలేయరు. 60కి ఇటు, ప్రతిభా పరీక్ష మార్కులు మారేకొద్దీ కాలేజీ ఫలితం ఎలా మారుతోందో ఒక గీత గీస్తారు, అటువైపు ఇంకో గీత. రెండు గీతలనూ సరిగ్గా 60 దాకా లాగి, అక్కడ అవి కలుస్తున్నాయా, మధ్యలో గెంతు ఉందా చూస్తారు. కింది గీత 54 దగ్గర ఆగి, పై గీత 57 దగ్గర మొదలైందనుకోండి. గెంతు 3. ప్రతిభ, ఇంటి పరిస్థితులు, పట్టుదల ఇవన్నీ 60 దగ్గర ఉన్నట్టుండి మారవు, మెల్లగా మారతాయి. ఉన్నట్టుండి మారింది స్కాలర్‌షిప్ ఒక్కటే. ‘రాకపోయి ఉంటే’ అన్న వాక్యానికి కొద్దిలో తప్పినవాళ్లు సాక్షులయ్యారు. కాబట్టి 22కి చెల్లని ‘వల్ల’ ఈ 3కి చెల్లుతుంది. అన్నట్టు, ‘కాబట్టి’లో ఉన్న ‘పట్టి’ కూడా పంచమీ విభక్తే.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1960లో అమెరికాలో థిసిల్‌త్వెయిట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి వాడారు, అదీ జాతీయ స్థాయి స్కాలర్‌షిప్ పోటీ మీదే. తర్వాత చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990ల చివరి నుంచి ఆర్థికశాస్త్రవేత్తలు అందిపుచ్చుకున్నారు. 2001లో హాన్, టాడ్, వాన్ డర్ క్లావ్ ఏ షరతులు ఉంటే ఈ గెంతును కారణం అనవచ్చో గణితపరంగా తేల్చారు.

షరతులన్నాను కదా, భాషకు సంబంధించిన చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి.

‘వల్ల’కు ముందు ఏ మాట పెట్టాలన్నది మొదటి చిక్కు. గెంతు తనంతట తాను చెప్పేది ‘గీత దాటడం వల్ల’ అని మాత్రమే. అదే 60 మార్కులకు హాస్టల్ సీటు కూడా ఇస్తుంటే ఆ 3లో స్కాలర్‌షిప్ వాటా ఎంతో, హాస్టల్ వాటా ఎంతో తెలియదు. అమెరికాలో 21 ఏళ్లు నిండితే మద్యం తాగడం చట్టబద్ధం. సరిగ్గా ఆ వయసు దాటగానే మరణాల రేటు దాదాపు 9 శాతం ఎక్కువవుతోందని 2009లో కార్పెంటర్, డాబ్కిన్ చూపించారు. అది ‘21 నిండడం వల్ల’ అనాలా, ‘మద్యం అందుబాటులోకి రావడం వల్ల’ అనాలా? రెండోది అనాలంటే ఆ వయసులో చట్టప్రకారం మారే ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదని చూపించాలి. అది వ్యాకరణం తేల్చే ప్రశ్న కాదు, నివేదికలో వెతకాల్సిన జవాబు.

ఇంకో చిక్కు ఉంది. అర్హత వచ్చినవాళ్లందరూ స్కాలర్‌షిప్ తీసుకున్నారా? గీత పైన నూటికి 80 మందే తీసుకుని, కింద 20 మందికి వేరే దారిలో వచ్చిందనుకోండి. గీత దగ్గర స్కాలర్‌షిప్ అందడంలో గెంతు 60 శాతం. మార్కుల గెంతు 3ని 0.6తో భాగిస్తే 5. అప్పుడు ‘అర్హత రావడం వల్ల 3 మార్కులు’ అన్నా నిజమే, ‘స్కాలర్‌షిప్ అందుకోవడం వల్ల 5 మార్కులు’ అన్నా నిజమే. అయితే ఆ 5 అందరికీ వర్తించదు. గీత దాటితే తీసుకుని, దాటకపోతే తీసుకోకుండా ఉండేవాళ్లకే. ‘అర్హత రావడం’ అని రాయాల్సిన చోట ‘అందుకోవడం’ అని రాస్తే అది శైలి తేడా కాదు, లెక్క తప్పు. ఈ రెంటినీ కలిపేసిన వార్తలు నేను చాలానే చదివాను.

సాక్షుల్ని ఎవరైనా తారుమారు చేశారా అన్నది కూడా చూడాలి. పేపర్లు దిద్దినవాళ్లు 58, 59 వచ్చినవాళ్ల మీద జాలిపడి 60కి నెట్టారనుకోండి, లేదా గట్టిగా అడిగినవాళ్లకే నెట్టారనుకోండి. అప్పుడు బొటాబొటీగా దాటినవాళ్లూ, కొద్దిలో తప్పినవాళ్లూ ఒకే రకం మనుషులు కారు. అడగగలిగినవాళ్లంతా పైకి చేరిపోయారు. దీన్ని పట్టుకోవడానికి 2008లో మెక్‌క్రారీ ఒక పరీక్ష చెప్పారు. గీతకు కిందా పైనా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం దాని సారాంశం. 59 దగ్గర జనం పలచబడి 60 దగ్గర గుంపు కట్టి ఉంటే అనుమానించాలి. నివేదికలో ఈ పరీక్ష కనబడకపోతే ‘వల్ల’ రాసే ముందు నేనైతే కాస్త ఆగుతాను.

ఇప్పుడు మీ ‘పెరిగాయి’. తెలుగులో ఏదైనా పెరిగిందంటే నిన్నటికంటే ఇవాళ ఎక్కువైందని. మన అంకెల్లో గీత దగ్గరున్న పిల్లలు ప్రతిభా పరీక్షలో 60 తెచ్చుకున్నారు, కాలేజీలో స్కాలర్‌షిప్ ఉన్నా 57 తెచ్చుకున్నారు. చూసే కంటికి మార్కులు తగ్గాయి! అయినా స్కాలర్‌షిప్ మేలే చేసింది, అది లేకపోయి ఉంటే 54 వచ్చేవి. ఈ పద్ధతి పోల్చేది మొన్నటినీ ఇవాళ్టినీ కాదు, ఉన్నదాన్నీ ఉండేదాన్నీ. అందుకే ‘పెరిగాయి’ కంటే ‘లేకపోతే వచ్చేవాటికంటే ఎక్కువ వచ్చాయి’ అన్నది సరైన మాట. కాస్త పొడుగే, కానీ నోటికి అడ్డం పడదు.

మీరు వదిలేసిన ముక్క ‘గీత దగ్గరున్నవాళ్లలో’ అన్నది. 95 మార్కుల పిల్లకు స్కాలర్‌షిప్ ఏం చేసిందో ఈ లెక్క చెప్పదు. ‘విద్యార్థుల మార్కులు’ అనగానే ఆ పిల్ల కూడా అందులో చేరిపోతుంది. గీతకు ఎంత దూరం వరకు చూశారో కూడా, 55 నుంచి 65 వరకైతే ఆ మాట, వార్తలో వేస్తే మంచిది. ఆ వెడల్పు మారిస్తే ఫలితమూ మారవచ్చు.

ఇవన్నీ కలుపుకుని నేనైతే ఇలా రాస్తాను: ‘60 మార్కుల గీతను కొద్ది తేడాతో దాటిన విద్యార్థులకు, స్కాలర్‌షిప్ వల్ల, అది లేకపోతే వచ్చేవాటికంటే సగటున 3 మార్కులు ఎక్కువ వచ్చాయి.’

హెడ్డింగ్ పెట్టేటప్పుడు ఒక్కటి చూసుకోండి. చోటు చాలదని ‘స్కాలర్‌షిప్‌తో పెరుగుతాయి’ అని కుదించే ప్రమాదం ఉంది. మన ‘-తాయి’ రూపం అలవాటుకూ భవిష్యత్తుకూ ఒకటే. ‘పెరుగుతాయి’ అంటే ఎప్పుడైనా, ఎక్కడైనా, ఇకముందు కూడా అని అర్థం. ఇజ్రాయెల్ బడుల్లో తరగతికి 40 మందిని మించనివ్వకూడదన్న నియమం ఉండేది. 41వ పిల్లవాడు చేరితే తరగతి రెండుగా చీలాల్సి వచ్చేది. ఆ గీతను వాడుకుని, చిన్న తరగతుల వల్ల నాలుగు, ఐదు తరగతుల పిల్లల మార్కులు మెరుగ్గా ఉన్నాయని 1999లో ఆంగ్రిస్ట్, లావీ చూపించారు. 2019లో వాళ్లిద్దరే మరికొందరితో కలిసి, అదే దేశంలో తర్వాతి సంవత్సరాల లెక్కలు తీస్తే ఆ ప్రభావం కనబడలేదు. పైగా గీత దగ్గర పిల్లల సంఖ్యను సర్దుతున్న ఆనవాళ్లు కనిపించాయి. 1999లో ‘వచ్చాయి’ అని రాసిన విలేఖరి వాక్యాన్ని ఇవాళ వెనక్కి తీసుకోవాల్సిన పనిలేదు. ‘వస్తాయి’ అని రాసిన విలేఖరి మాత్రం సవరణ వేయాలి.