మా ఊరి హాల్టులో సిగ్నలే లేదు, బండి ఎక్కడ ఆపాలో డ్రైవరుకెలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది హాల్టు స్టేషన్. స్టేషన్ మాస్టరు లేడు, సిగ్నలూ లేదు. నేను రోజూ పాసింజరులో కాలేజీకి వెళ్తాను. ఇంజను ప్రతిసారీ సరిగ్గా వేపచెట్టు పక్కనే ఆగుతుంది. ఆ చోటు డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? మళ్లీ కదలమని ఎవరు చెప్తారు?
- ఒక విద్యార్థిని, మహబూబాబాద్ జిల్లా

జవాబు: వేపచెట్టు మాట చదవగానే నా సర్వీసంతా కళ్లముందు తిరిగిందమ్మా. కాజీపేట డిపోలో 31 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నడిపినవి పాసింజర్లే. ప్రతి హాల్టుకీ మాకూ ఒక గుర్తుండేది. ఒకచోట జంట తాడిచెట్లు, ఒకచోట చిన్న కల్వర్టు, ఇంకోచోట గుడి ప్రహరీ. కొత్త సెక్షన్‌కి వేస్తే ముందు పాతవాళ్లతో పగలూ రాత్రీ తిరిగి లైను నేర్చుకోవాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ వంపు అన్నీ చూసుకుని, నేర్చుకున్నానని సంతకం పెట్టాకే బండి మన చేతికిస్తారు.

అయితే బండి ఆపే పని చెట్టు దగ్గర మొదలుకాదు. గంటకు 80 కిలోమీటర్ల మీద వచ్చే బండికి మెత్తగా ఆగాలంటే అర కిలోమీటరు పైనే కావాలి. అందుకే హాల్టుకు చాలా ముందే పట్టాల పక్కన పసుపు మీద నల్లని ఏటవాలు చారల బోర్డు ఉంటుంది. దాని మీద అక్షరం ఒక్కటీ ఉండదు. హాల్టు వస్తోంది, సిద్ధంగా ఉండు అని దాని అర్థం. అది కనపడగానే పక్కనుండే అసిస్టెంటు డ్రైవరు గట్టిగా చెప్తాడు, మనం తిరిగి అంటాం. అప్పుడు పవరు తీసేసి మొదటి బ్రేకు కొద్దిగా వేస్తాం.

ఆ బోర్డు విలువ నాకు ఒక వానాకాలం రాత్రి తెలిసింది. బోర్డు ముందు సర్కారు తుమ్మ గుబురుగా పెరిగిపోయింది. కొట్టించాల్సినవాళ్లు కొట్టించలేదు. జోరు వాన, అద్దం మీద నీళ్లు. అప్పటి బళ్లకు వాక్యూమ్ బ్రేకులు, పట్టుకోవడానికి టైము పట్టేది. ప్లాట్‌ఫాం దీపం కనపడ్డాక బ్రేకు వేస్తే ముందున్న రెండు పెట్టెలు ప్లాట్‌ఫాం దాటి ఆగాయి. గార్డు సిగ్నల్ లేకుండా వెనక్కి తోయకూడదు. ఆ లోపలే కూరగాయల గంపతో ఒక ముసలమ్మ చీకట్లో కంకర మీదికి దిగి పడిపోయింది. మోకాలు చీరుకుపోయింది. గార్డు మందుల పెట్టె తెచ్చి కట్టు కట్టాడు. వంకాయలన్నీ పట్టాల మధ్యకు దొర్లిపోయాయి. మా అసిస్టెంటు దిగి టార్చి వేసి ఏరి ఇచ్చాడు. తెల్లారి డిపోకి రాగానే పొదల సంగతి రిజిస్టరులో రాశాను. వారంలో కొట్టేశారు. ఆ తర్వాత బోర్డు కనపడినా కనపడకపోయినా కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూనే వెళ్లాను. మీ హాల్టు దగ్గర బోర్డుకు తీగలు అల్లుకుంటే గార్డుకు చెప్పు తల్లీ. చిన్న విషయమని ఊరుకోవద్దు.

సిగ్నళ్లున్న స్టేషన్లో పద్ధతి వేరు. స్టేషన్లోకి రానిచ్చేది హోమ్ సిగ్నల్. దానికి కిలోమీటరు ముందు డిస్టెంట్ అనే హెచ్చరిక సిగ్నల్ ఉంటుంది. డిస్టెంట్ స్తంభానికి పి అక్షరమున్న బిళ్ల కనిపిస్తుంది. అక్కడ ఒక పసుపు వెలిగితే హోమ్ ఎర్రగా ఉందని, రెండు పసుపులైతే లోపలికి తీసుకుంటున్నారని తెలుస్తుంది. హోమ్ పసుపుతోపాటు పక్కన తెల్లదీపాల వరుస వెలిగితే లూప్ లైను, అంటే మెయిన్ లైను పక్కనుండే లైనులోకి. అప్పుడు పట్టాలు మారే పాయింట్ల మీద గంటకు 15 గానీ 30 గానీ కిలోమీటర్లు, అక్కడి వేగం దాటకూడదు. ఇక ఆగేచోటు స్టార్టర్ ముందు, అంటే స్టేషన్ నుంచి బయలుదేరనిచ్చే సిగ్నల్ ముందు. ఆ స్టార్టర్ దాటాక కూడా ఇంకో 120 మీటర్లు లైను ఖాళీగా ఉంటేనే మనల్ని లోపలికి రానిస్తారు. హైదరాబాద్ ఎం.ఎం.టి.ఎస్. లాంటి లోకల్ బళ్లకు ఎన్ని పెట్టెల బండి ఎక్కడ ఆగాలో అంకె రాసిన బోర్డు ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది.

కదలమని చెప్పేది గార్డు. 2022 నుంచి ఆయన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మీ హాల్టులో ఆయన పచ్చజెండా, రాత్రయితే పచ్చదీపం, అదే ఆజ్ఞ. పెద్ద స్టేషన్లో స్టార్టర్ వెళ్లమని చూపినా ఆయన పచ్చజెండా ఊపేదాకా కదలం. లోకల్ బళ్లలో జెండాకు బదులు గంట. రెండు కొడితే కదలాలి, ఒకటి కొడితే ఆగాలి.

ప్రశ్న: బళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ పరికరాలు వచ్చాక ఈ బోర్డులతో పనుండదంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: మీ దగ్గరే, గుల్లగూడ, చిట్గిద్ద మధ్య 2022 మార్చి 4న రైల్వే మంత్రి ఇంజన్లో కూర్చుని కవచ్ పరీక్ష చూశారు. ఎర్ర సిగ్నల్ దాటబోతే అది బ్రేకు వేస్తుంది, గేటు దగ్గర తనే కూత వేస్తుంది. ప్రాణాలు కాపాడే పని అది, ప్రతి లైనుకూ రావాలి. హాల్టులో బండిని ప్లాట్‌ఫాంకు సరిగ్గా ఆనించి ఆపే పని మాత్రం ఇప్పటికీ డ్రైవరుదే. ఆ చారల బోర్డు ఉండాల్సిందే.